బిలాస్‌పూర్ మధ్యాహ్నం, కెనడా ఇంజనీరు

డిసెంబరు 25. బిలాస్‌పూర్ తార్‌బాహర్‌లో మా డాబా మీద ఒక మీటరు పొడవున్న కర్రను నిటారుగా నిలబెట్టి, దాని నీడ కొసను సుద్దముక్కతో గుర్తుపెడుతూ కూర్చున్నాను. కింద వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. దూరంగా యార్డులో బొగ్గు వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు. నాన్న మెట్లెక్కి వచ్చి కాసేపు చూశారు. "ఏటమ్మా, ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి కర్ర నీడ కొలుస్తున్నావా?" అన్నారు.

నాన్న గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. తాతయ్య ఇదే ఊరి లోకో షెడ్డులో ఫిట్టరు. శ్రీకాకుళం నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. మాదీ వాటిలో ఒకటి. బుధవారీ బజార్లో కూరలు కొనేటప్పుడు ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ, ఇంట్లో శ్రీకాకుళం తెలుగు. ఇలాంటి ఇంట్లో గడియారం గురించి చులకనగా మాట్లాడకూడదు. డ్యూటీకి ఎక్కే ముందు గార్డు, డ్రైవరు తమ వాచీలు సరిచూసుకోవడం వాళ్ల పనిలో భాగం.

నేను చేస్తున్నది పాత ప్రయోగమే. మన సిద్ధాంత గ్రంథాల్లో దీన్ని శంకుచ్ఛాయ అంటారు. ఉదయం 10:30కి నీడ ఎంత పొడవుందో చూసి, ఆ కొలతతో కర్ర చుట్టూ ఒక వృత్తం గీశాను. ఆ తర్వాత నీడ కుంచించుకుపోయింది, మళ్లీ సాగింది. మధ్యాహ్నం 1:34కి దాని కొస తిరిగి వృత్తాన్ని తాకింది. ఈ రెండు సమయాలకూ సరిగ్గా మధ్యలో, అంటే 12:02కి, సూర్యుడు ఆకాశంలో అత్యంత ఎత్తున ఉన్నాడన్నమాట. ఆ క్షణంలో నీడ పొడవు దాదాపు కర్ర పొడవంతే ఉంది. 22 డిగ్రీల అక్షాంశం మీద, డిసెంబరు చివర్లో ఉండాల్సింది అంతే.

ఫోను గడియారానికీ, సూర్యుడికీ రెండు నిమిషాలే తేడా వచ్చింది. లెక్క ప్రకారమైతే ఒకటిన్నర నిమిషానికి కాస్త తక్కువే రావాలి. మిగతా అర నిమిషం నా సుద్దముక్క చలవ.

నాలుగు నిమిషాలకో డిగ్రీ

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. భారత ప్రామాణిక సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. బిలాస్‌పూర్ ఉన్నది దాదాపు 82.15 దగ్గర. అంటే మూడోవంతు డిగ్రీకి కాస్త ఎక్కువగా పడమరన ఉంది. అందుకే ఇక్కడి సూర్యుడు దేశపు గడియారం కంటే సుమారు 84 సెకన్లు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. ముంబైలో ఈ తేడా 39 నిమిషాలు.

డిసెంబరు 25నే ఎందుకు ఎంచుకున్నానంటే, భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాదు, భూమి అక్షమూ వాలి ఉంది. ఈ రెండు కారణాలవల్ల సూర్యుడు చూపే సమయం ఏడాది పొడవునా గడియారానికి అటూ ఇటూ ఊగుతుంది. ఏప్రిల్ మధ్యలో, జూన్ మధ్యలో, సెప్టెంబరు మొదట్లో, డిసెంబరు 25 ప్రాంతంలో మాత్రం ఈ తేడా సున్నాకు వస్తుంది. ఇదే ప్రయోగాన్ని నవంబరు మొదట్లో చేస్తే బిలాస్‌పూర్‌లో నడినెత్తి సూర్యుడు 11:45కే కనిపిస్తాడు. ఫిబ్రవరి మధ్యలో చేస్తే 12:15 దాటుతుంది. మీ ఊళ్లో చేసి చూడండి. కర్ర నిటారుగా ఉండాలి, నేల చదునుగా ఉండాలి, ఓపిక కూడా ఉండాలి.

ఈ 82.5 గీతను స్కూలు పుస్తకాలు మీర్జాపూర్, అలహాబాద్ పేర్లతో చెబుతాయి. తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి గుర్తు ఉంది. సామర్లకోట నుంచి విశాఖ వెళ్లేటప్పుడు అన్నవరం దాటి తుని చేరేలోపు మీరు ఆ గీతను దాటతారు. విశాఖపట్నం నుంచి కోర్బా వెళ్లే ఎక్స్‌ప్రెస్ అయితే దాన్ని రెండుసార్లు దాటుతుంది. ఒడిశాలోని నువాపడా చుట్టుపక్కల ఒకసారి పడమరకు, రాయపూర్, బిలాస్‌పూర్ మీదుగా వచ్చాక అకల్తరా, జాంజ్‌గీర్ నైలా స్టేషన్ల మధ్య మరోసారి తూర్పుకు. పట్టాల పక్కన అక్కడ ఏ బోర్డూ లేదు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఆ దారిన వెళ్లానో లెక్కలేదు. ఈ సంగతి పటం ముందు వేసుకుని కూర్చున్నప్పుడే తెలిసింది.

ఊరికో మధ్యాహ్నం

రైలు రాకముందు ప్రతి ఊరికీ తనదైన మధ్యాహ్నం ఉండేది. దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఎడ్లబండి మీద రోజుకు ఒక ఇరవై మైళ్లు వెళ్లేవాడికి ఒక నిమిషం తేడాతో పనేముంది? రైలు వచ్చాక, ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు బండ్లు నడిచే రోజుల్లో, రెండు స్టేషన్ల గడియారాల మధ్య ఐదు నిమిషాల తేడా అంటే ప్రాణాలకే ముప్పు.

భారతీయ రైల్వేలు మొదట ఆధారపడింది మద్రాసు మీద. 1792లో అక్కడ కట్టిన ఖగోళ పరిశీలనశాల మన దేశంలో ఆధునిక కాలమానానికి పునాది. 1802లో జాన్ గోల్డింగ్‌హామ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు మద్రాసు సమయం గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందని లెక్కగట్టాడు. అప్పటి పరికరాన్ని నిలబెట్టిన నల్లరాతి స్తంభం చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఇప్పటికీ ఉంది. దాని మీద లాటిన్, తమిళం, హిందుస్తానీలతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కి ఉంది. భారత కాలమానం కథలో తెలుగు అక్షరాలు మొదటి పేజీలోనే ఉన్నాయన్నమాట. ఆ సంగతి మన పాఠాల్లో నాకెక్కడా కనబడలేదు.

విశాఖపట్నం సంగతి ఇంకా ఆసక్తికరం. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసులో ఖగోళ శాస్త్రజ్ఞుడు టి. జి. టేలర్ దగ్గర చదువుకుని తిరిగొచ్చి, 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో పరిశీలనశాల కట్టుకున్నాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర పెట్టించి, రోజూ నిర్ణీత వేళకు జెండా దించే ఏర్పాటు చేశాడు. సముద్రంలోని ఓడలు, ఊళ్లోని జనం దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించి, 1874 డిసెంబరులో సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటడాన్ని పరిశీలించి లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. ఆ విశాఖ సమయం మద్రాసు కంటే దాదాపు 12 నిమిషాలు ముందుండేది.

ఇక మా ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడి, నాగ్‌పూర్ నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు ఉన్న మీటరు గేజి లైనును తీసుకుని, వెడల్పు చేసి, బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా పొడిగించింది. 1891కల్లా ఆ లైను మీద సరుకు బండ్లు నడిచాయి. అప్పుడు రైల్వేలకు మద్రాసు సమయమే రైల్వే సమయం. కాబట్టి బిలాస్‌పూర్ బజారులో ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు రైలు గడియారంలో ఇంకా పన్నెండుకు ఏడు నిమిషాలకు పైగా మిగిలి ఉండేవి. పట్టాలకు ఇవతల ఒక కాలం, అవతల ఒక కాలం.

రైలు తప్పిన ఇంజనీరు

ఇదే చిక్కు ప్రపంచమంతా ఉంది. ఉత్తర అమెరికాలో మరీ ఎక్కువ. ఎందుకంటే అక్కడ ఒకే రైలు మార్గం 50, 60 డిగ్రీల రేఖాంశం మేర సాగుతుంది. దీన్ని ప్రపంచం ముందు పెద్ద గొంతుతో వాదించిన మనిషి శాండ్‌ఫోర్డ్ ఫ్లెమింగ్. 1827లో స్కాట్లాండ్‌లో పుట్టి, 1845లో కెనడాకు వలస వెళ్లిన రైల్వే ఇంజనీరు. కెనడా మొట్టమొదటి తపాలా బిళ్లను గీసిందీ ఆయనే. 1851లో వచ్చిన మూడు పెన్నీల ఆ బిళ్ల మీద రాణి బొమ్మ బదులు బీవర్ అనే జంతువును వేశాడు.

ఆయన గురించి చెప్పుకునే కథ ఇది. 1876లో ఐర్లండ్‌లో ప్రయాణిస్తుండగా టైంటేబుల్లో ఉదయం, సాయంత్రం తారుమారుగా అచ్చయింది. సాయంత్రం 5:35 అనుకుని స్టేషనుకు వెళ్తే, బండి ఉదయం 5:35కే వెళ్లిపోయిందట. ఆ రాత్రంతా స్టేషన్లో గడిపి, ఒకటి నుంచి పన్నెండు దాకా రెండుసార్లు లెక్కపెట్టే పద్ధతే తప్పని తేల్చుకున్నాడట. కథలో ఉప్పూకారం ఎంత చేరిందో గానీ, ఇరవైనాలుగు గంటల గడియారం కోసం ఆయన జీవితాంతం వాదించిన మాట మాత్రం నిజం. కెనడియన్ పసిఫిక్ రైల్వే తన పశ్చిమ లైన్లలో 1886లోనే ఆ పద్ధతి పెట్టింది. బిలాస్‌పూర్ స్టేషన్ బోర్డు మీద 18:30 అని కనిపించినప్పుడు మనం వాడుతున్నది ఆ పద్ధతే.

1879లో టొరంటోలోని కెనడియన్ ఇన్‌స్టిట్యూట్ ముందు ఆయన తన ఆలోచన పూర్తిగా పరిచాడు. భూగోళాన్ని 15 డిగ్రీల చొప్పున 24 భాగాలు చేయాలి. ఒక్కో భాగానికి ఇంగ్లిషు వర్ణమాలలో ఒక్కో అక్షరం పెట్టాలి. వీటన్నిటికీ మీద ప్రపంచమంతటికీ ఒకే 'విశ్వ సమయం' ఉండాలి. సున్నా రేఖ ఏ దేశపు రాజధాని మీదుగానూ పోకూడదని, గ్రీనిచ్‌కు సరిగ్గా అవతలి వైపున, పసిఫిక్ సముద్రం మధ్యలో ఉండాలని కూడా అన్నాడు. నాకు ఈ చివరి ప్రతిపాదనే ఎక్కువ నచ్చింది. బ్రిటిష్ సామ్రాజ్యపు విధేయుడే అయినా, సున్నాను ఎవరి సొంతమూ కాని నీళ్లలో పెట్టాలనుకున్నాడు.

ఒకే బల్ల మీద కెనడా, ఇండియా

1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ మెరిడియన్ సమావేశం జరిగింది. 25 దేశాలు వచ్చాయి. ఆ దేశాల జాబితాలో కెనడా లేదు. 1867 జూలై 1న కెనడా డొమినియన్‌గా ఏర్పడి అప్పటికి 17 ఏళ్లు గడిచినా, విదేశీ వ్యవహారాలు మాత్రం లండన్ చేతిలోనే ఉన్నాయి. అందుకని ఫ్లెమింగ్ బ్రిటిష్ ప్రతినిధి బృందంలో ఒకడిగా కూర్చున్నాడు. ఆ బృందంలో నలుగురు. నెప్ట్యూన్ ఎక్కడుంటుందో గణితంతో అంచనా వేసినవాళ్లలో ఒకరైన జాన్ కౌచ్ ఆడమ్స్, నౌకాదళ అధికారి ఎవాన్స్, ఫ్లెమింగ్, నాలుగోవాడు ఇండియా కౌన్సిల్ సభ్యుడు జనరల్ రిచర్డ్ స్ట్రాచీ. సొంత కుర్చీ లేని రెండు దేశాల తరఫున ఇద్దరు, పక్కవాడి బల్ల దగ్గర. ఒకరు ఆ దేశంలో స్థిరపడిన ఇంజనీరు. మరొకరు మనల్ని పాలించిన అధికారి. ఈ తేడా మాత్రం చిన్నది కాదు.

ఆ సమావేశంలో ఫ్లెమింగ్ ఒక పట్టిక చూపించాడు. ప్రపంచంలోని ఓడల్లో 65 శాతం, సరుకు బరువు లెక్కన 72 శాతం అప్పటికే గ్రీనిచ్ రేఖను ఆధారం చేసుకుని ప్రయాణిస్తున్నాయి. తన పసిఫిక్ ఆలోచనను పక్కనపెట్టి లెక్కలు చెప్పేదాన్ని అంగీకరించాడు. అక్టోబరు 13న ఓటు వేస్తే గ్రీనిచ్‌కు 22 ఓట్లు. శాన్ డొమింగో వ్యతిరేకించింది. ఫ్రాన్స్, బ్రెజిల్ ఓటు వేయలేదు. ఫ్రాన్స్ ఆ తర్వాత 1911 దాకా పట్టుబట్టి, చివరికి చట్టంలో 'గ్రీనిచ్' అనే మాట రాకుండా 'పారిస్ సమయానికి 9 నిమిషాల 21 సెకన్లు తక్కువ' అని రాసుకుంది. గడియారం దగ్గర కూడా దేశాలకు పౌరుషం ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కెనడాలో చాలాచోట్ల ఫ్లెమింగ్‌ను ప్రామాణిక సమయాన్ని 'కనిపెట్టినవాడు' అని రాస్తారు. అది కాస్త ఎక్కువే. 1858లోనే ఇటలీలో క్విరికో ఫిలోపాంతి ఇలాంటి ఆలోచన ప్రచురించాడు. న్యూజిలాండ్ 1868లోనే దేశమంతటికీ ఒకే సమయం పెట్టుకుంది. అమెరికాలో చార్లెస్ డౌడ్ అనే బడి పంతులు 1870 ప్రాంతంలో రైల్వేల చుట్టూ తిరిగాడు. 1883 నవంబరు 18న ఉత్తర అమెరికా రైల్వేలు నిజంగా గడియారాలు మార్చుకున్నప్పుడు ఆ ఏర్పాటు చేసింది విలియం అలెన్. వాషింగ్టన్ సమావేశం సున్నా రేఖనూ, ఏకీకృత దినాన్నీ ఆమోదించింది గానీ, మండలాల సంగతి ఏ దేశానికి ఆ దేశం తేల్చుకోవాలని వదిలేసింది. ఫ్లెమింగ్ గొప్పతనం, నా దృష్టిలో, వేరే చోట ఉంది. రైల్వే టైంటేబుల్ సమస్యను భూగోళం మొత్తం సమస్యగా చూడగలగడం, దానికోసం ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి, కరపత్రాలు పంచి, ప్రభుత్వాలను విసిగించడం.

ఫొటోలో లేనివాళ్లు

కెనడాకు స్వాతంత్ర్యం మనలా ఒక అర్ధరాత్రి రాలేదు. 1867లో డొమినియన్. 1931లో వెస్ట్‌మినిస్టర్ శాసనంతో చట్టాలు చేసుకునే స్వేచ్ఛ. 1947 జనవరి 1 నుంచి సొంత పౌరసత్వం. అదే ఏడాది మన జెండా ఎర్రకోట మీద ఎగిరింది. కెనడాకు మాత్రం మాపుల్ ఆకు జెండా 1965లో గానీ రాలేదు. తన రాజ్యాంగాన్ని లండన్ ప్రమేయం లేకుండా సవరించుకునే అధికారం 1982లో దక్కింది. ఇన్ని విడతల్లో వచ్చిన స్వాతంత్ర్యానికి ఒక్క ఫొటో దొరకదు. అందుకే కావచ్చు, ఆ దేశం తన కథను రైలు పట్టాల మీద చెప్పుకుంటుంది.

వాళ్ల పాఠ్యపుస్తకాల్లో తప్పక ఉండే ఫొటో ఒకటుంది. 1885 నవంబరు 7న, బ్రిటిష్ కొలంబియాలోని క్రెయిగెలాకీ దగ్గర, దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కలిపిన రైలు మార్గానికి ఆఖరి మేకు కొడుతున్న దృశ్యం. సుత్తి పట్టుకున్నది కంపెనీ డైరెక్టరు డొనాల్డ్ స్మిత్. వెనక పొడవాటి టోపీ, తెల్ల గడ్డంతో నిలబడినవాడు ఫ్లెమింగ్. ఆ పర్వత ప్రాంతంలో కొండలు పేల్చి, సొరంగాలు తవ్వి పట్టాలు వేసిన చైనా కూలీలు దాదాపు 15,000 మంది. ఆ ఫొటోలో వాళ్లు లేరు. అదే 1885లో కెనడా ప్రభుత్వం చైనా నుంచి వచ్చేవారి మీద తలకు 50 డాలర్ల పన్ను వేసింది. 1903 నాటికి అది 500 అయింది. పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2006లో. ప్రపంచం తమను పట్టించుకోదని బాధపడే దేశం, తన పట్టాలు వేసినవాళ్లను అంతకాలం పట్టించుకోలేదు.

ఆ ఫొటో చూసిన ప్రతిసారీ నాకు బిలాస్‌పూరే గుర్తొస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను వాల్తేరు దాకా ఉండటం వల్ల శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ల నుంచి జనం ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్‌లకు పనికి వెళ్లారు. 1931లో పార్వతీపురం, రాయపూర్ లైను పూర్తయ్యాక దారి ఇంకా దగ్గరైంది. గ్యాంగుమన్లు, ఫిట్టర్లు, ఖలాసీలు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూర్ కేంద్రమైంది. దేశంలో అతి ఎక్కువ సరుకు ఎత్తే డివిజన్లలో ఇదొకటి. మా తాతయ్య తరం వాళ్ల ఫొటోలు మాత్రం వాళ్లవాళ్ల ఇళ్ల గోడల మీదే ఉన్నాయి. తాతయ్యకు కెనడా అంటే ఒక దేశం కాదు, ఒక ఇంజను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కెనడాలో తయారై, వందల సంఖ్యలో ఇక్కడికి వచ్చిన 'సీడబ్ల్యూడీ' ఆవిరి ఇంజన్ల గురించి ఆయన "కెనడా బండి గట్టిది, తొందరగా మొరాయించదు" అనేవారు.

అరగంట పట్టుదల

ఫ్లెమింగ్ పథకంలో అరగంటలకు చోటు లేదు. అన్నీ పూర్తి గంటలే. 1906 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత ప్రామాణిక సమయం మాత్రం గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలు ముందు. దేశం తూర్పు కొస నుంచి పడమటి కొస దాకా దాదాపు 29 డిగ్రీలు, అంటే దాదాపు రెండు గంటల ఎండ తేడా. 75 డిగ్రీల రేఖ తీసుకుంటే తూర్పుకు అన్యాయం, 90 తీసుకుంటే పడమరకు. మధ్యలో 82.5 పెట్టారు.

అందరూ ఒప్పుకోలేదు. కలకత్తా తన 5 గంటల 53 నిమిషాల 20 సెకన్లను 1948 దాకా వదల్లేదు. బొంబాయిలో 1906 జనవరిలోనే మిల్లు కార్మికులు కొత్త గడియారం మీద తిరగబడ్డారు. కారణం తేలికగానే అర్థమవుతుంది. గడియారాన్ని 39 నిమిషాలు ముందుకు తిప్పితే, కార్మికుడు అంత ముందుగా చీకట్లో లేవాలి. పైగా అది అడగకుండా పైనుంచి పెట్టిన సమయం. బొంబాయి సమయం 1955 వరకు నడిచింది. అస్సాం తేయాకు తోటల్లో 'బాగాన్ టైమ్' పేరుతో గంట ముందున్న గడియారం ఇంకా ఉంది.

కెనడాలోనూ ఇలాంటి మొండివాళ్లున్నారు. ఆ దేశంలో ఆరు సమయ మండలాలు. ఐదు పూర్తి గంటలవి, ఆరోది న్యూఫౌండ్‌లాండ్‌ది. అది గ్రీనిచ్‌కు మూడున్నర గంటలు వెనక. దాని రాజధాని సెయింట్ జాన్స్ ఉన్న రేఖాంశానికి అదే సరైన సమయం కూడా. 1949 దాకా న్యూఫౌండ్‌లాండ్ కెనడాలో భాగం కాదు. చేరాక, 1963లో అక్కడి ప్రభుత్వం పక్క రాష్ట్రాలతో గడియారం కలపబోతే జనం ఒప్పుకోలేదు. దేశంలో కలిశారు గానీ అరగంటను మాత్రం అట్టేపెట్టుకున్నారు. మన అరగంటకూ, వాళ్ల అరగంటకూ చరిత్ర వేరు. కానీ విశాఖ నుంచి సెయింట్ జాన్స్ వెళ్లిన మన పిల్లలు శీతాకాలంలో వాచీ సరిచేసుకోవాలంటే సరిగ్గా తొమ్మిది గంటలు తిప్పితే చాలు, నిమిషాల ముల్లును ముట్టుకోనక్కర్లేదు.

పక్కింటివాడి నీడలో

అమెరికా పక్కన ఉండటం వల్ల కెనడా విజ్ఞానం తరచూ వేరేవాళ్ల ఖాతాలో పడుతుంది. మా క్లాసులో రూథర్‌ఫోర్డ్ అంటే మాంచెస్టర్, కేంబ్రిడ్జి అనే చెప్పారు. ఆయనకు 1908 నోబెల్ తెచ్చిన రేడియోధార్మికత పని చాలావరకు 1898, 1907 మధ్య మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అక్కడ ఆయన విద్యార్థిని హేరియట్ బ్రూక్స్. అణు భౌతికశాస్త్రంలో కెనడా తొలి మహిళ. పరమాణువు కణాన్ని వెలువరించినప్పుడు, తుపాకీలా అది వెనక్కి తన్నుకుంటుందని గమనించినవాళ్లలో ఆమె ముందువరసలో ఉంది. ఎమ్మెస్సీ రెండేళ్లలో ఆమె పేరు నేను ఒక్కసారీ వినలేదు. 1921, 22ల్లో టొరంటోలో వెలికితీసిన ఇన్సులిన్, 1951లో క్యాన్సర్ చికిత్సకు తొలిసారి వాడిన కోబాల్ట్-60 యంత్రాలు, సడ్‌బరీ గని అడుగున న్యూట్రినోల గుట్టు తేల్చి 2015లో నోబెల్ తెచ్చిన ప్రయోగం, ఇవన్నీ అక్కడివే. రాజస్థాన్‌లోని మన మొదటి భారజల విద్యుత్ రియాక్టరు కూడా కెనడా డిజైనుతో కట్టిందే.

ఇప్పుడు మన సమయాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం, హైడ్రోజన్ మేజర్ గడియారాలతో నడుపుతోంది. సెకను అంటే ఇక భూభ్రమణంలో భాగం కాదు. సీజియం పరమాణువు వెలువరించే తరంగం 9,192,631,770 సార్లు ఊగే వ్యవధి. కెనడాలో ఆ పని చేసే జాతీయ పరిశోధనా మండలి, 1939 నవంబరు 5 నుంచి రోజూ సీబీసీ రేడియోలో మధ్యాహ్నం ఒంటిగంట సంకేతాన్ని వినిపించేది. వరుసగా చిన్న చిన్న శబ్దాలు, కొంచెం నిశ్శబ్దం, ఆపై ఒక పొడవాటి శబ్దం. ఓడల నావికులు, పల్లెటూరి రైతులు, రైల్వేవాళ్లు దాన్ని విని వాచీ సరిచేసుకునేవారు. 2023 అక్టోబరు 9న అది ఆగిపోయింది. కారణం భౌతికశాస్త్రమే. ఒకప్పుడు సంకేతం రేడియో తరంగంగా నేరుగా ఇంటికి చేరేది. ఇప్పుడు అదే శబ్దం ఉపగ్రహం, ఇంటర్నెట్, డిజిటల్ పెట్టెల గుండా వెళ్తూ ఒక్కో శ్రోతకు ఒక్కో ఆలస్యంతో చేరుతుంది. కచ్చితమైన గడియారం నుంచి బయల్దేరినా, చేరేసరికి కచ్చితం కాదు. చాలామంది కెనడా వాళ్లు దాన్ని పోగొట్టుకున్న ఇంటి వస్తువులా తలచుకున్నారు. ఆకాశవాణి వార్తల ముందు వచ్చే ఆ 'పిప్ పిప్' చప్పుళ్లకు అన్నం ముద్ద ఆపి చూసిన ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి నాకది అర్థమైంది.

మర్నాడు సాయంత్రం నాన్న నన్ను విశాఖ బండి ఎక్కించడానికి స్టేషనుకు వచ్చారు. ప్లాట్‌ఫాం మీద డిజిటల్ గడియారం ఎర్ర అంకెల్లో వెలుగుతోంది. నాన్న అలవాటుగా చొక్కా చెయ్యి వెనక్కి లాగి, వాచీ చూసుకుని, మళ్లీ పైకి చూశారు.

"నాది రెండు నిమిషాలు వెనకుందే," అన్నారు. కీ పైకి లాగుతూ, "అంటే మీ లెక్కలో అర డిగ్రీ పడమర. రెండేళ్లు నన్ను బిల్హా తోసేసిందన్నమాట ఈ వాచీ."

బిల్హా అంత దూరం లేదని, అర డిగ్రీ అంటే యాభై కిలోమీటర్లకు పైనే ఉంటుందని నేను లెక్క చెప్పేలోపే బండి వచ్చేసింది.